నీలం కింద పంటి గాట్లు

బాల్టిమోర్ నగరం, తూర్పు వైపు పోలీసు స్టేషన్. అక్టోబరు 30, బుధవారం. ఉదయం తొమ్మిదిన్నర నుంచి డిటెక్టివ్ హోల్కమ్ ఎదుట చెప్పగా రాసుకున్నది.

నా పేరు షెరెల్ ప్రియోలో. వయసు ఇరవై ఆరు. ముసలివాళ్ళ ఆశ్రమంలో ఆయాగా పని చేస్తున్నాను. స్నానాలు చేయించడం, పక్కలు మార్చడం, అన్నం తినిపించడం నా పని. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఆమె అక్క ఎథెలీన్, అంటే మా పెద్దమ్మ, నన్ను పెంచింది. ఇప్పుడు నేనూ పెద్దమ్మా నా కూతురు కలియా మా చర్చికి వచ్చే ఒకావిడ ఇంటి నేలమాళిగలో ఉంటున్నాం. కలియాకు రెండేళ్ళ ఎనిమిది నెలలు. దాని తండ్రి సంగతి మీరు అడగలేదు, నేనూ చెప్పను.

నా మీద మూడు నేరాలు మోపామని చెప్పారు. పరాయి ఇంట్లో చొరబడ్డానని ఒకటి. ఆ ఇంటి పాపను ఎత్తుకుపోబోయానని రెండోది. చేతిలో కర్ర పట్టుకొని బెదిరించానని మూడోది. మొదటిది నిజం. రెండోది మీరు అనుకున్నట్టు కాదు. మూడోది అబద్ధం, అది కర్ర కాదు, కిటికీ గట్టు మీది చెక్క పలక. దాని గురించి చెప్పాలంటే కిందటి ఏడాది నుంచి చెప్పాలి. మీ కాఫీ చల్లారిపోతుంది, తాగుతూ వినండి.

హార్లో వీధిలోని ఆ వరస ఇంట్లోకి మేము కిందటి నవంబరులో వెళ్ళాం. అంతకుముందు ఉన్న చోట ఖాళీ చేయించారు. ఒకసారి కోర్టు ద్వారా ఖాళీ చేయించిన మనిషికి ఈ ఊళ్ళో ఎవరూ ఇల్లు ఇవ్వరు, ఇచ్చేవాళ్ళు ఇలాంటివే ఇస్తారు. పై అంతస్తులో ముందుగది మా పడకగది. కిటికీ ఎదురుగా బస్ స్టాప్. కిటికీ గట్టు కలియా గడ్డం ఎత్తులో ఉండేది. దాని మీద తెల్లరంగు పెచ్చులు లేచి ఉండేది. కిటికీ తలుపు పైకి లేపి దించినప్పుడల్లా పొడి రాలేది.

ఇంటి మేనేజరు కోర్బిన్‌కు ఫోన్ చేశాను. "తడిగుడ్డతో తుడువమ్మా. పాత ఇల్లు. ముసలాళ్ళకి చర్మం లేచినట్టు లేస్తూనే ఉంటది" అన్నాడు. "నేను ముసలాళ్ళ దగ్గరే పని చేస్తున్నా సార్. వాళ్ళ చర్మం ఊడి మా పిల్ల పాలల్లో పడదు" అన్నాను. నవ్వాడు. మరుసటి వారం మళ్ళీ చేస్తే ఫోన్ ఎత్తలేదు.

ఆ ఇంట్లోకి వెళ్ళేటప్పటికి కలియా బాగా మాట్లాడేది. బస్సు రాగానే "బస్" అని కేకలు పెట్టేది. పెద్దమ్మను "పెద్ది" అనేది. బూట్లు చూస్తే "పోదాం" అనేది. అన్నింటికన్నా ఎక్కువగా "ఇంకా" అనేది. గిన్నె ముందుకు తోసి ఇంకా, ఇంకా అనేది. మా పెద్దమ్మ "ఇది ప్రియోలో వాళ్ళ కడుపే, అడుగు లేదు" అని ఎగతాళి చేసేది.

ఏప్రిల్ వచ్చేసరికి బస్సు ఆగినా "బస్" అనడం మానేసింది. చూసేది, అంతే. తర్వాత "పోదాం" పోయింది. తర్వాత "ఇంకా" పోయింది. ఇక్కడ ఒక మాట ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అది "ఇంకా" అనడం మానేసినప్పుడు నాకు హాయిగా అనిపించింది. గిన్నెలో ఇంకా లేదు కదా. అడగనప్పుడు లేదని చెప్పే పని లేదు. పిల్ల బుద్ధిమంతురాలైందని ఆశ్రమంలో నలుగురితో చెప్పాను కూడా.

పెద్దమ్మకు అలా అనిపించలేదు. ఆమె సౌత్ కరోలైనా సముద్రం పక్క దీవిలో పుట్టిన మనిషి. ఒకరోజు నేను పని నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే మెట్ల మీద కూర్చొని ఉంది.

"పైకి వెళ్ళి సూడవే పిల్లా. సప్పుడు చెయ్యకు" అంది.

సాయంత్రం ఐదు దాటింది, గదిలో వెలుతురు ఇంకా ఉంది. కలియా కిటికీ దగ్గర నాకు వీపు పెట్టి నిలబడి ఉంది. రెండు చేతులూ గట్టు మీద ఉన్నాయి. నోరు గట్టుకు ఆనించి ఉంది. ఊపిరి తగిలి గాజు మీద ఆవిరి మచ్చ పడింది. సన్నగా గొణుగుతున్న చప్పుడు వస్తోంది. ఎవరికో రహస్యం చెబుతున్నట్టు ఉంది. నేను పిలిస్తే తిరగలేదు. మూడోసారి పిలిచాక తిరిగింది. పెదవుల చుట్టూ తెల్లగా ఉంది, అప్పుడే పాలు తాగినట్టు. ఇంట్లో పాలు అయిపోయి మూడు రోజులైంది.

పెద్దమ్మ నా వెనకే వచ్చింది. "ఎవరమ్మా నీకు పాలు పోసింది?" అని మెల్లగా అడిగింది. కలియా కిటికీ వైపు వేలు చూపించింది.

నేను చొక్కా చేతితో దాని మూతి తుడిచాను. సున్నం పొడి అనుకున్నాను. చేతి మీద ఒక్కటి వేశాను కూడా. అది ఏడవలేదు.

ఆ రాత్రి నుంచి పెద్దమ్మ చెవిలో జోరీగలా అదే మాట. ఆ కిటికీ దగ్గర ఏదో ఉందని. వాళ్ళ దీవిలో దాన్ని హేంట్ అంటారు. మనిషి పోయినా పోకుండా ఇల్లు పట్టుకొని ఉండే గాలి. "అది పిల్లని తినదు. మాటలు తింటది. ఒక్కో మాటే తింటది" అనేది. "ఈ ఊళ్ళో అద్దెలు కట్టలేక బతికున్నాళ్ళే ఇళ్ళు పట్టుకొని ఉండలేకపోతున్నారు, చచ్చినాళ్ళు ఎలా ఉంటారు పెద్దమ్మా" అని నేను వెక్కిరించేదాన్ని.

ఆమె ఊరుకోలేదు. కిటికీ కింద చీపురు అడ్డంగా పెట్టింది. గాలి ఆ పుల్లలు లెక్కపెడుతూ తెల్లారేదాకా అక్కడే ఉండిపోతుందట. మే నెలలో నన్ను వంటింట్లో ఆపి చెప్పింది. "నెల మొదట్లో రాదు. పిల్ల కిటికీ మొకమే సూడదు. నెలాఖరుకే వస్తది. మూడు నెలల్నించి సూత్తన్నా. సందమామతో పనిలేదు దానికి, నెల తిరిగే వారమే దాని వారం."

నేను నవ్వలేదు. ఎందుకంటే ఆమె చెప్పింది నిజం. నెల మొదట్లో కలియా బొమ్మలతో ఆడుకునేది. చివరి వారం వచ్చేసరికి కిటికీ దగ్గర చేరేది. ఎత్తుకొచ్చి మంచం మీద కూర్చోబెడితే మళ్ళీ అక్కడికే వెళ్ళేది. గాజు మీద అదే ఎత్తులో అదే మచ్చ పడేది. ఆశ్రమంలో పిచ్చి చూపులు చూసే ముసలివాళ్ళ మధ్య రోజంతా ఉంటాను, వాళ్ళంటే నాకు భయం లేదు. నా పిల్ల వీపు చూస్తే భయం వేసేది.

జూన్‌లో ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక పెద్దమ్మ నీలంరంగు డబ్బా తెచ్చింది. వాళ్ళ దీవిలో ఇళ్ళ కిటికీలకూ తలుపులకూ ఆ లేత నీలం వేస్తారు. గాలి దాన్ని చూసి నీళ్ళనుకుంటుంది, నీళ్ళు దాటలేదు, అదీ నమ్మకం. మా ముత్తవ్వ ఇంటికి కూడా ఉండేదట. "దీవి ఇడిసినాం, నీలం ఇడిసినాం, అందుకే పట్టుకుంది" అంది. నేను వద్దనలేదు. చీపురుతో అయినా, నీలంతో అయినా, ఏదో ఒకటి చేస్తే చాలనిపించింది.

పాతరంగు మీద వేస్తే నిలవదని ముందు గీకింది. వంటింటి కత్తితో, పొడిగా, కిటికీ మొత్తం. పిండిమరలో పిండి దులిపినట్టు దుమ్ము లేచింది. నేనే బకెట్టు పట్టుకున్నాను. ఎండలో ఆ దుమ్ము మెరుస్తూ చాలాసేపు గాలిలో నిలిచింది. కలియా అందులో అటూ ఇటూ తిరిగింది. దాని పాదాల గుర్తులు నేల మీద తెల్లగా పడ్డాయి, కిటికీ నుంచి మంచం దాకా.

గట్టు దగ్గరకు వచ్చేసరికి పెద్దమ్మ చెయ్యి ఆగింది. "ఇవి సూడు" అంది. తెల్లరంగు కింద ఆకుపచ్చ, దాని కింద మీగడరంగు. గట్టు అంచున చిన్న చిన్న గాట్లు వరసగా ఉన్నాయి. కొన్ని కొత్తవి, చెక్క కనిపిస్తోంది. కొన్నింటిలో ఆకుపచ్చ నిండి ఉంది. కొన్నింటిలో మీగడరంగు నిండి ఉంది. అంటే ఆ రంగులు వేయకముందే పడ్డవి. నేను వేలితో తడిమాను.

"ఎలకలు పెద్దమ్మా" అన్నాను.

"ఎలక నోరు ఇంత ఎడల్పు ఉండదే" అంది.

ఆమె ఇక గీకలేదు. ఆ గాట్ల మీద రెండు పూతలు మందంగా నీలం పూసి, ప్రార్థన చేసి, కిందికి వెళ్ళి చేతులు కడుక్కుంది. గది అందంగా ఉంది. ఆ వారం మా ఇంట్లో అందరం హాయిగా నిద్రపోయాం.

తర్వాత కలియాకు వాంతులు మొదలయ్యాయి. కడుపు పట్టుకొని వంగిపోయేది. క్లినిక్‌కు వెళ్ళాలంటే పని మానాలి, అప్పటికే రెండుసార్లు మానేశాను, మూడోసారి మానితే రావద్దన్నారు. శనివారం తీసుకెళ్దాం అనుకున్నాను. శనివారం దాకా ఆగలేదు. జూన్ 27న, గురువారం ఉదయం, నేను పనికి బూట్లు వేసుకుంటుంటే దాని కళ్ళు పైకి తిరిగాయి. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. పళ్ళు బిగిశాయి. నేను ముసలివాళ్ళకు మూర్ఛ వస్తే పక్కకు తిప్పి పట్టుకోవడం నేర్చుకున్నాను. నా పిల్లను అలాగే పట్టుకున్నాను. ఒక కాలికే బూటు ఉంది. ఆసుపత్రికి కూడా ఒక్క బూటుతోనే వెళ్ళాను.

ఆసుపత్రిలో రక్తం తీశారు. గ్వెండా అనే నర్సు వచ్చి మాతో కూర్చుంది. పాత ఇళ్ళ రంగులో సీసం ఉంటుందని చెప్పింది. అది ఒంట్లోకి వెళితే పిల్లల మెదడును పట్టుకుంటుందని, మాట, బుద్ధి, నడక అన్నిటినీ పట్టుకుంటుందని చెప్పింది. కంటికి కనబడదని, దుమ్ములో ఉంటుందని, రుచికి తియ్యగా ఉంటుందని చెప్పింది. మందుతో రక్తంలోది కొంత తీయగలం కానీ పోయిన మాటలు అన్నీ తిరిగి వస్తాయని మాట ఇవ్వలేమంది.

తర్వాత ఒక ప్రశ్న అడిగింది. "ఇంట్లో తిండి నెలంతా సరిపోతుందా?"

సర్కారు తిండి కార్డు మూడో వారానికే ఖాళీ అవుతుంది. ఆ తర్వాత ముగ్గురికి ఒక నూడుల్స్ పొట్లం, బిస్కెట్లు, చక్కెర నీళ్ళు. నేను ఆశ్రమంలో ముసలివాళ్ళు వదిలేసింది తింటాను కాబట్టి నాకు ఆకలి తెలియదు.

"తప్పు పట్టడానికి అడగలేదు. కడుపు ఖాళీగా ఉంటే ఒళ్ళు సీసాన్ని ఇంకా ఎక్కువ పీల్చుకుంటుంది. పైగా ఆకలేసిన పిల్లలు తియ్యగా ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటారు" అంది ఆమె.

"కంటికి కనపడదు. కిటికీ కాడ ఉంటది. మాటలు తింటది. నెలాఖరుకి వస్తది" అని పెద్దమ్మ ఒక్కొక్కటే వేలు మడిచింది. "సరేనమ్మా. మీ ఊళ్ళో దాన్ని సీసం అంటారు." తర్వాత గీకిన సంగతి నర్సుకు ఆమే చెప్పింది. నర్సు ముఖం చూసి, ఆ దుమ్మే పిల్లను మూర్ఛదాకా తెచ్చిందని ఆమెకు అర్థమైంది. ఆ రోజు నుంచి మా పెద్దమ్మ నీలంరంగు బట్ట కట్టలేదు. నేను ఆమెను ఏమీ అనలేదు. బకెట్టు నేను పట్టుకున్నాను కదా.

తనిఖీవాళ్ళు వచ్చి ఇంటి తలుపు మీద ఎర్ర నోటీసు అంటించారు. బాగు చేసేదాకా పిల్లలున్న వాళ్ళకు ఆ ఇల్లు ఇవ్వకూడదని అందులో ఉంది. మేము జులైలో బయటికి వచ్చాం. కలియాకు ఇప్పుడు నాలుగు మాటలు ఉన్నాయి. "ఇంకా" అందులో లేదు.

ఇక నిన్నటి సంగతి. అక్టోబరు 29, మంగళవారం. కలియాకు రక్తపరీక్ష చేయించి, నేనూ పెద్దమ్మా దాన్ని తీసుకొని బస్సులో వస్తున్నాం. నాలుగుకు కొంచెం ముందు హార్లో వీధి స్టాప్‌లో బస్సు ఆగింది. నేను ఆ ఇంటివైపు చూడకూడదనుకున్నాను, కానీ చూశాను. తలుపు మీద ఎర్ర నోటీసు లేదు. పై కిటికీకి నీలం లేదు, తెల్లగా కొత్త రంగు వేసి ఉంది. గాజు మీద ఆవిరి మచ్చ ఉంది. అదే ఎత్తులో, అదే చోట. మచ్చ కింద ఒక పిల్ల తల ఉంది. నోరు గట్టుకు ఆనించి ఉంది.

ఒక్క క్షణం అది కలియా అనుకున్నాను. కలియా నా ఒళ్ళో ఉంది, దాని బరువు నా తొడల మీద తెలుస్తోంది, అయినా అలాగే అనుకున్నాను. కిటికీలోని పాప తల ఎత్తి మావైపు చూసింది. కలియా కూడా దాన్ని చూసింది. చూసి మెల్లగా వంగి, బస్సు కిటికీ అంచు మీద పెదవులు పెట్టింది.

"ఇయ్యాల తారీకు ఎంతే?" అని అడిగింది పెద్దమ్మ. గంట కొట్టి దిగాం.

కలియాను పెద్దమ్మకు ఇచ్చి, ఆమెను గుమ్మం మెట్ల దగ్గర నిలబెట్టి తలుపు కొట్టాను. ఒక ముసలావిడ గొలుసు తీయకుండా తెరిచింది. మీ కాగితంలో ఆమె పేరు ఎల్మిరా అని, ఆ ఇంటి పాపకు నాన్నమ్మ అని ఉంది. ఆమె భాష నాకు రాదు, నాది ఆమెకు రాదు. పై కిటికీ చూపించాను. నా నోరు చూపించాను. కడుపు పట్టుకొని వంగాను, పిల్లకు ఎలా నొప్పి వస్తుందో చూపించాను. ఆమె నన్నూ, మెట్ల మీద పెద్దమ్మ భుజాన వాలిపోయిన కలియానూ చూసింది. ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. అర్థమైందనుకొని దేవుడికి దండం పెట్టుకున్నాను. ఆమె గొలుసు తీసి, ఉండమని చెయ్యి చూపి లోపలికి వెళ్ళింది. వంటింట్లో గిన్నె తీసిన చప్పుడు వినిపించింది. తొంగి చూస్తే రొట్టెలో చిక్కుడు గింజలు పెడుతోంది. నెలాఖరున, ఆ ఇంట్లో, మేము ఆకలితో వచ్చామనుకొని మాకు తిండి పెడుతోంది.

అప్పుడు నేను లోపలికి వెళ్ళాను. నన్ను ఎవరూ పిలవలేదు, అది నిజం. మెట్లెక్కాను. పాప అక్కడే ఉంది. నా వైపు వీపు పెట్టి ఉంది. పిలిచాను. తిరగలేదు. పేరు తెలియదు కాబట్టి "అమ్మలూ" అని పిలిచాను. మూడోసారి పిలిచాక తిరిగింది. పెదవుల చుట్టూ తెల్లగా ఉంది.

దాన్ని ఎత్తి చంకన వేసుకున్నాను. ఇంకో చేత్తో గట్టు లాగాను. ఆ పలక ఎడమవైపు మేకు వదులని నాకు ముందే తెలుసు, ఒక్క గుంజుకు ఊడి వచ్చింది. పలకను అక్కడే వదిలేస్తే పిల్ల మళ్ళీ అక్కడికే పోతుంది, లేకపోతే ఇంకో పిల్ల పోతుంది, అదొక్కటే నా బుర్రలో ఉంది. ఆలోచించే తీరిక ఉంటే వేరేలా చేసేదాన్నేమో. కిందికి దిగుతుంటే ముసలావిడ రొట్టె చేత్తో పట్టుకొని ఎదురైంది. రొట్టె కింద పడింది. ఆమె పెట్టిన కేక నాకు ఇప్పటికీ వినిపిస్తోంది. ఆమె తప్పేమీ లేదు. మా ఇంట్లో అలా జరిగితే నేనూ అలాగే కేక పెట్టేదాన్ని. పొరుగువాళ్ళు వచ్చి నన్ను గుమ్మంలో పట్టుకున్నారు. నేను పాపను పెద్దమ్మ పక్కన మెట్టు మీద కూర్చోబెట్టాను, వీధి దాటలేదు. మీ పోలీసులు వచ్చేసరికి ఇద్దరు పిల్లలూ పక్కపక్కనే కూర్చొని పెదవులు నాక్కుంటున్నారు.

మీరు "కర్ర" అని చీటీ కట్టి బీరువాలో పెట్టింది ఆ పలకే. గోటితో తెల్లరంగు గీకండి, వద్దు, గీకకండి, తడిగుడ్డ కప్పి చూడమనండి తెలిసినవాళ్ళను. తెలుపు కింద నీలం ఉంటుంది, అది మా పెద్దమ్మది. నీలం కింద పంటి గాట్లు ఉంటాయి. అందులో కొన్ని నా కూతురివి. మిగతా పిల్లలు ఎవరో, ఇప్పుడు ఎక్కడున్నారో, వాళ్ళకు ఎన్ని మాటలు వచ్చో నాకు తెలియదు. కొత్త తెలుపు మీద కూడా గాట్లు ఉంటాయి.

నన్ను జైల్లో పెడతారో వదిలేస్తారో మీ ఇష్టం. ఆ పాప రక్తం తీయించండి. ఈరోజే తీయించండి. ఆ ముసలావిడకు ఆమె భాష వచ్చిన మనిషితో చెప్పించండి, నేను అడుక్కోవడానికి రాలేదని, ఆమె రొట్టె పెట్టబోయినందుకు నేను చచ్చేదాకా మర్చిపోనని.

ఇంతవరకు రాసినది నాకు చదివి వినిపించారు. నేను చెప్పినదే ఉంది, ఎవరూ నన్ను బెదిరించి చెప్పించలేదు. ఒక్క చోట తప్పు ఉంది. ముసలావిడ చెప్పిందని, "ఎత్తుకోగానే పాప భయపడి పెద్దగా ఏడ్చింది" అని దీని పైన పెట్టిన మీ కాగితంలో రాశారు. అది కొట్టేయండి. ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి చంకన వేసుకొని మెట్లు దిగింది. పాప ఏడవలేదు. గింజుకోలేదు. వాళ్ళ నాన్నమ్మ వైపు చేతులు చాపలేదు. నా భుజం మీద తల పెట్టి, మా కలియాలాగే చిన్న చప్పుడు కూడా చేయలేదు. అందుకే పరిగెత్తాను. అది రాయండి, అప్పుడు సంతకం పెడతాను.

దిద్దిన తర్వాత చదువుకొని, సరిగ్గా ఉందని ఒప్పుకొని పెట్టిన సంతకం:

షెరెల్ ప్రియోలో